ఇరవై మూడు నిమిషాలు నన్ను పిలవకండి

ఆడవాళ్ళు వినాల్సిన పాటల జాబితా ఒకటుంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలీదు గానీ మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లో అందరికీ కంఠతా వచ్చు. పొద్దున్నే సుప్రభాతం, శుక్రవారం లలితా సహస్రనామం, శనివారం వెంకటేశ్వరస్వామి పాటలు, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినప్పుడు ఘంటసాల, సుశీల. కార్తీకమాసంలో శివుడివి అదనం. నలభై దాటాక సినిమా పాటలు కొంచెం తగ్గించి కీర్తనలు పెంచుకోవాలి, లేకపోతే బాగోదు. ఇవన్నీ నేనూ వింటాను, ఇష్టపడే వింటాను. నా గొడవ అందులో ఉన్న పాటలతో కాదు, అసలు జాబితా అంటూ ఒకటి ఉండటంతో.

ఎందుకంటే నేను ప్రోగ్రెసివ్ రాక్ కూడా వింటాను. నాలుగేళ్ళుగా వింటున్నాను. మొన్నామధ్య ఒక సీమంతంలో మాటల మధ్య ఈ సంగతి బయటపడింది. బంధువు ఒకావిడ, "అదేవిటమ్మా, కాలేజీ కుర్రాళ్ళు చెవుల్లో పెట్టుకుని ఊగే గోల నీకెందుకూ, ఈ వయసులో!" అన్నారు. పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్న వాళ్ళబ్బాయి, ఇంజనీరింగ్ మూడో ఏడు, తలెత్తి నవ్వాడు. "అది లేడీస్ మ్యూజిక్ కాదు ఆంటీ. అందులో చాలా లెక్కలుంటాయి" అన్నాడు. తల్లి మాటకి నాకు కోపం రాలేదు. కొడుకు మాటకి వచ్చింది. ఇది ముందుగా ఆ అబ్బాయికి సమాధానం. వాళ్ళమ్మగారికీ కొంత ఉంది.

వినని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1960ల చివర్లో ఇంగ్లండులో రాక్ వాయించే కుర్రాళ్ళు కొందరికి మూడు నిమిషాల పాట ఇరుకనిపించింది. లాంగ్ ప్లే రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలు పైనే పడుతుంది కదా, ఆ వైపంతా ఒక్కటే రచన కడితే ఏం అనుకున్నారు. వాళ్ళ శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదం అన్నీ తెచ్చి అందులో కలిపారు. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. చాలామంది లెక్క అక్కణ్ణుంచే మొదలెడతారు. తర్వాత యెస్, జెనెసిస్, జెత్రో టల్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్. పింక్ ఫ్లాయిడ్ ఈ కోవలోకి వస్తారా రారా అని అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. నేను వస్తారనే అంటాను.

అదే 1969లో, ఫిబ్రవరి 28న, మన పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. మాండొలిన్ శ్రీనివాస్ అంటే అందరికీ తెలుస్తుంది. నేను ఈ సంగీతంలోకి వచ్చిన దారి లండన్ నుంచి కాదు, పాలకొల్లు నుంచి. అందుకే ఎవరైనా నాకు "ఆ విదేశీ గోల" అంటే ముందు ఆయన పేరు చెబుతాను.

ఆయన కథ మన పిల్లలకి పాఠంగా పెట్టాల్సింది. తండ్రి మాండొలిన్ చిన్నతనంలోనే చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాడినదాన్ని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు. నాలుగు జతల తీగలుండే ఇటలీ వాయిద్యాన్ని విడివిడిగా ఐదు తీగలు చేసి, కరెంటు పెట్టి, అందులోంచి గమకం తీశాడు. గమకం పలకదు, ఇది మన వాయిద్యం కాదు అన్న పెద్దవాళ్ళు ఆ రోజుల్లో లేకపోలేదు. వయొలిన్ మాత్రం మన పొలంలో మొలిచిందా? హార్మోనియం ఎక్కణ్ణుంచి వచ్చింది? క్లారినెట్ లేని పెళ్ళి బ్యాండు మన ఊళ్ళల్లో చూశామా? వచ్చినవాటిని మనవి చేసుకున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక ఆడమనిషి తన చెవితో తను వెళ్ళి వెతుక్కుంటే మాత్రం "మనది కాదు" అన్న మాట గుర్తొస్తుంది.

శ్రీనివాస్ కీర్తనలు వింటూ వింటూ ఆయన ఇంకేం వాయించారా అని వెతికితే 1995 నాటి 'డ్రీమ్' అనే ఆల్బమ్ దొరికింది. మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి చేసింది. అందులో మాండొలిన్ కచేరీలోలా పరుగెత్తదు. మంచులో నడిచే మనిషిలా కాసేపు కనబడుతుంది, కాసేపు కనబడదు. దాన్ని విడుదల చేసింది రియల్ వరల్డ్ అనే కంపెనీ. ఇంగ్లండులో బాక్స్ అనే పల్లెటూళ్ళో వాళ్ళ స్టూడియో ఉంది. ఆ కంపెనీ పెట్టినాయన పీటర్ గేబ్రియల్. ఎవరీయన అని చూస్తే, 1975 దాకా జెనెసిస్‌లో పాడినాయన. అదిగో, అలా చేరాను. పాలకొల్లు నుంచి బాక్స్, బాక్స్ నుంచి జెనెసిస్. ఇంకో దారి కూడా ఉంది. శ్రీనివాస్ 'రిమెంబర్ శక్తి' బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించారు కదా, ఆ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అని పెట్టి రాక్‌నీ జాజ్‌నీ కలిపి వీరంగం చేసిన మనిషి. తర్వాత అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఆ తెల్లాయన వీణ నేర్చుకుంటే గొప్ప. నేను వాళ్ళ గిటారు వింటే వింత!

ఇక లెక్కల సంగతి.

పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్‌లో 'మనీ' అని ఒక పాట ఉంది. కుర్రాళ్ళు దాన్ని సెవెన్ ఫోర్ అని పెద్ద బ్రహ్మవిద్యలా చెప్పుకుంటారు. నాణేలు గలగలమనడం, కాగితం చిరగడం, కొట్లో డబ్బులపెట్టె తెరుచుకోవడం, ఇలాంటి చప్పుళ్ళని టేపు మీద సమానంగా కత్తిరించి, ఏడు దెబ్బలుగా అతికించి గుండ్రంగా తిప్పారు. ఆ ఏడు మీదే పాట నడుస్తుంది. ఏవిటీ ఏడు? తకిట తకధిమి. మిశ్రచాపు. శ్యామశాస్త్రి గారు ఆనందభైరవిలో అమ్మవారి మీద కట్టిన కీర్తన నేర్చుకున్న ప్రతి ఆడపిల్లా తొడ మీద వేసిన తాళం అదే. పైగా మన సంగీతం మాస్టార్లు ఏడు మొదలెడితే కడదాకా ఏడులోనే ఉంచుతారు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు శాక్సఫోన్ దాకా ఏడులో ఉండి, గిటారు వంతు వచ్చేసరికి హాయిగా నాలుగులోకి దిగిపోతారు. వినడానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఎవరు ఎవరికి లెక్కలు నేర్పాలో నాకు అర్థం కాలేదు.

జెత్రో టల్ వాళ్ళు 1969లో చేసిన 'లివింగ్ ఇన్ ద పాస్ట్' ఐదు మీద నడుస్తుంది, అది ఖండం. జెనెసిస్ వాళ్ళ పెద్ద రచనలో ఒక భాగానికి పేరులోనే తొమ్మిది పెట్టుకున్నారు, అది సంకీర్ణం. పాట నేర్చుకోని వాళ్ళయినా కంగారు పడక్కర్లేదు. ధనుర్మాసంలో తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి, వీధి లైటు వెలుతురులో, పదిహేను చుక్కలు ఎనిమిది దాకా సందు చుక్క పెట్టి, ఒక్క చుక్క తప్పకుండా మెలిక తిప్పుకొచ్చిన మనిషికి బేసి లెక్క అంటే భయమా? మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో రెండు రోకళ్ళతో దంచుతూ పాడేవాళ్ళు. ఒకరి రోకలి లేచేటప్పుడు రెండోవారిది పడాలి. తాళం తప్పితే పాట పాడవడం కాదు, చెయ్యి విరుగుతుంది. ఆ చేతులకి "అందులో లెక్కలుంటాయి ఆంటీ" అని చెప్పడానికి వచ్చాడండీ మూడో ఏడు ఇంజనీరు.

అయినా నా అసలు పోట్లాట తాళం గురించి కాదు. నిడివి గురించి.

పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'ఎకోస్' ఇరవై మూడున్నర నిమిషాలు. 1971 నాటిది. దూరంగా బావిలో నీటిబొట్టు పడ్డట్టు పియానో మీద ఒక్క స్వరంతో మొదలవుతుంది. జెనెసిస్ వాళ్ళ 'సప్పర్స్ రెడీ' కూడా ఇంచుమించు ఇరవై మూడే, 1972లో 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లో వచ్చింది. ఏడు భాగాలు. దాని పేరుకి అర్థం రాత్రి భోజనం సిద్ధం అని. బైబిల్ చివర్లో వచ్చే విందు సంగతి లెండి. నాకు మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా వండింది ఎవరో చెప్పలేదే అనిపిస్తుంది.

ఒక సాయంత్రం 'ఎకోస్' పెట్టుకుని హాల్లో కూర్చుని, అది అయ్యేలోపు నన్ను ఎన్నిసార్లు పిలుస్తారో లెక్కపెట్టాను. ఆరుసార్లు. కొరియర్ కుర్రాడు ఒకసారి. అత్తయ్యగారి మాత్ర ఒకసారి, అది న్యాయమే, టైముకి వెయ్యాలి. మిగతా నాలుగూ వినండి: టవలెక్కడ, చార్జరు చూశావా, ఇవాళ కూరేంటి, అమ్మా ఏం చేస్తున్నావ్. టవల్ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉండే చోటే ఉంది. అదే హాల్లో, అదే సోఫాలో, ఆదివారం నాడు మావారు క్రికెట్ చూస్తారు. యాభై ఓవర్ల మ్యాచ్ అయితే పొద్దుగూకే దాకా. ఆ మధ్యలో ఇంట్లో ఒక్కళ్ళూ ఆయన్ని టవలెక్కడ అని అడగరు. నాన్న మ్యాచ్ చూస్తున్నారు, అని పిల్లలే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. వారమంతా కష్టపడతారు, ఆదివారం ఆ మాత్రం ఉండొద్దా అంటారు. ఉండాలి. కానీ ఆదివారం మా వంటింటికి సెలవు కాదు, ఆ రోజు పెసరట్టు ఉప్మా కూడా కావాలి. నా ఆదివారం ఎప్పుడు?

"మీకు సీరియళ్ళు లేవా, గంటలు గంటలు చూస్తారుగా" అని ఒక మాట సిద్ధంగా ఉంటుంది. దీనికే నాకు ఒళ్ళు మండుతుంది. సీరియల్ ఎలా తయారు చేస్తారో చూడండి. ఐదారు నిమిషాలకో ప్రకటన. ప్రతి మాటకీ ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపించడం. మొన్నటి గొడవ ఇవాళ మళ్ళీ చెప్పడం. చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, మధ్యలో లేచి పాలు దించి వచ్చినా కథ తెలిసిపోవాలి. అంటే ఆ తీసేవాళ్ళకి ముందే తెలుసు, చూసే ఆడమనిషి పూర్తిగా కూర్చోదని, కూర్చోనివ్వరని. మూడు నిమిషాల పాత పాట కూడా రెండు కుక్కర్ కూతల మధ్య పడుతుంది. ఇప్పుడు ముప్ఫై సెకన్ల రీల్స్ వచ్చాయి, అవి గరిటె తిప్పుతూ కూడా చూడొచ్చు. మనకి కేటాయించిన వినోదమంతా ముక్కలే. మన పొద్దు ముక్కలుగా ఉంటుంది కాబట్టి ముక్కలు ఇస్తున్నారు. ఆ ముక్కలు చూసి, ఆడవాళ్ళకి పెద్దవి వినే ఓపిక లేదని తీర్మానం చేస్తున్నారు.

ఆగినచోటు నుంచి మళ్ళీ పెట్టుకోవచ్చు కదా అంటారు. కుదరదు. నేను బి.ఏ. తెలుగు చదివాను, సీసపద్యంతో చెబుతాను. నాలుగు పెద్ద పాదాలు చదివాక తేటగీతి వస్తుంది. ఆ తేటగీతి దెబ్బ పైన నాలుగు పాదాలూ ఒక్క ఊపులో విన్నవాడికే తగులుతుంది. పొద్దున సీసం, సాయంత్రం గీతం చదివితే అది పద్యం కాదు. 'సప్పర్స్ రెడీ' మొదట్లో మెత్తగా వచ్చిన బాణీ, ఎక్కడెక్కడో తిరిగి, తొమ్మిది దెబ్బల ఆ తుఫాను దాటాక, చివర్లో మళ్ళీ పెద్ద గొంతుతో వస్తుంది. దాన్ని గుర్తుపట్టినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. గుర్తుపట్టాలంటే ఇరవై నిమిషాల క్రితం విన్నది చెవిలో ఇంకా తడిగా ఉండాలి. మధ్యలో టవల్ వెతికిన మనిషికి అది ఉత్త అరుపులా వినబడుతుంది.

పెద్దవి వినే అలవాటు మనకి కొత్తా? హరికథ మూడు గంటలు. భాగవతార్ ఒక్కడే రాముడు, ఒక్కడే రావణుడు, మధ్యలో పిట్టకథ, మళ్ళీ కీర్తన. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల ఉంది. అక్కడ నేర్చుకున్న ఆడపిల్లలు ఎందరో కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి వేదికలెక్కారు. మూడు గంటలు ఒంటరిగా జనాన్ని నిలబెట్టగలిగే ఆడవాళ్ళున్న నేల ఇది. 1974లో జెనెసిస్ వాళ్ళు 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' అని రెండు రికార్డుల నిండా ఒకే కథ చెప్పారు. గేబ్రియల్ వేషాలు మార్చుకుంటూ పాడేవాడు. అంతకు రెండేళ్ళ ముందు డబ్లిన్‌లో నక్క తల తొడుక్కుని, భార్య ఎర్ర గౌను వేసుకుని వేదిక మీదికొస్తే ఇంగ్లీషు పత్రికలు విడ్డూరంగా రాశాయి. మనకేం విడ్డూరం? వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా జడ విసిరితే చూసిన కళ్ళు మనవి.

ఇంతా చెప్పి, ఈ సంగీతంలో వాళ్ళందరినీ నెత్తిన పెట్టుకుంటానని అనుకోకండి. కీత్ ఎమర్సన్ గొప్ప వాయిద్యగాడే, కానీ ఆర్గన్ పెట్టె మెట్ల మధ్య కత్తులు గుచ్చి వాయించడం ఏవిటి చెప్పండి. ఇంట్లో పిల్లాడు అలా చేస్తే వీపు చిట్లగొడతాం. యెస్ వాళ్ళయితే 1973లో ఇంకా పెద్ద పని పెట్టుకున్నారు. జాన్ ఆండర్సన్ పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ'లో ఒక అడుగుసూచిక చదివాడు. శ్రుతులు, స్మృతులు, పురాణాలు, తంత్రాలు అని అందులో ఉన్న నాలుగింటికీ నాలుగు రికార్డు వైపులు కేటాయించి ఎనభై నిమిషాల ఆల్బమ్ కట్టారు. 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. మన శాస్త్రాల మీద కాబట్టి నేను పొంగిపోవాలని మా అబ్బాయి అనుకున్నాడు. రెండో వైపు నాకు నిద్ర వచ్చింది. ప్రబంధాల్లో పురవర్ణన, పూలవర్ణన, మళ్ళీ చంద్రుడి వర్ణన చదివి పరీక్ష రాసిన దాన్ని, సాగదీత ఎక్కడుందో పట్టుకోగలను. వాళ్ళ కీబోర్డు ఆయన రిక్ వేక్‌మన్‌కే విసుగొచ్చి మాంచెస్టర్ కచేరీలో వేదిక మీదే కూర తెప్పించుకుని తిన్నాడు. మరుసటేడు బృందం వదిలేశాడు. ఈ ఒక్క విషయంలో ఆయన నా పక్షం.

ఇక ఈ "లేడీస్ మ్యూజిక్ కాదు" అనేవాళ్ళు చెప్పని పేర్లు రెండు.

'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' కోట్ల కాపీలు అమ్ముడైన రికార్డు. అందులో 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' అనే దాంట్లో ఒక ఆడగొంతు, ఒక్క మాట లేకుండా, ఏడుపో ప్రార్థనో తెలియని ఆలాపన చేస్తుంది. చావు గురించిన పాట అది. ఆ గొంతు క్లేర్ టోరీది. 1973 జనవరిలో ఒక ఆదివారం స్టూడియోకి పిలిచారు. ఏం పాడాలో సరిగ్గా చెప్పలేదు, మాటలు ఇవ్వలేదు. ఆవిడ తన గొంతునే ఒక వాయిద్యం అనుకుని అప్పటికప్పుడు కట్టుకుని పాడింది. ఆదివారం కాబట్టి రెట్టింపు కూలి, 30 పౌండ్లు ఇచ్చారు. రచన పేరు మాత్రం కీబోర్డు వాయించినాయన ఒక్కడిదే. ముప్ఫై ఏళ్ళు అలాగే నడిచింది. 2004లో ఆవిడ కోర్టుకి వెళ్ళింది. 2005లో రాజీ కుదిరింది. అప్పట్నుంచి ఆ రికార్డు మీద ఆ స్వరరచనలో ఆవిడ పేరూ వేస్తున్నారు. వండినవాళ్ళ పేరు ఎక్కడా లేని భోజనం గురించి ఇందాక నేను నవ్వులాటకి అనలేదు.

రెండో ఆవిడ బెట్టీ థాచర్. రెనైసాన్స్ అనే బృందానికి పాటలు రాసేది. దాంట్లో పాడింది ఆనీ హాస్లమ్, గుడి గంటలా ఉంటుంది ఆ గొంతు. బెట్టీ థాచర్ ఇంగ్లండు చివర కార్న్‌వాల్ సముద్రతీరంలో ఉండేది. బాణీలు టేపు మీద పోస్టులో వచ్చేవి. ఆవిడ ఇంట్లో కూర్చుని విని మాటలు రాసి మళ్ళీ పోస్టు చేసేది. బృందంతో ఊళ్ళు తిరగలేదు, ఫొటోల్లో నిలబడలేదు. కవరు వెనక చిన్న అక్షరాల్లో పేరు. ఇది తెలిసిన రోజు నేను 'ఆషెస్ ఆర్ బర్నింగ్' మళ్ళీ మొదట్నించీ విన్నాను. పదకొండు నిమిషాల పైచిలుకు పాట. ఇంటి నుంచి పోస్టులో వెళ్ళిన మాటలు అవి అని తెలిశాక ఇంకోలా వినబడింది.

మన వాళ్ళ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. అగం అని బెంగళూరు బృందం. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌లో కలిపి వాయిస్తారు. వాళ్ళు త్యాగరాజస్వామి కీర్తనలు ఎత్తుకుంటే వేలమంది కుర్రాళ్ళు కూడా కలిసి పాడతారు. ఆ మాటలు తెలుగు. పాడే హరీశ్ శివరామకృష్ణన్ మలయాళీ. కొచ్చిలో మదర్‌జేన్ అనే బృందం కూడా ఇదే దారిలో నడిచింది. మనమేమో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్‌ని మద్రాసుకి ఒప్పజెప్పేసి, 2014లో నలభై ఐదేళ్ళకే ఆయన పోయినప్పుడు రెండు రోజులు స్టేటస్‌లు పెట్టి, మళ్ళీ జాబితాలోకి వచ్చేశాం. మా చుట్టుపక్కల పదిమందిని అడిగాను, 'డ్రీమ్' విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. క్షీరారామం గుడికి వెళ్ళొచ్చిన వాళ్ళు మాత్రం పదిమందీ ఉన్నారు.

సరే, నేనేం చేశానో చెబుతాను. మా ఇంట్లో మంగళ, గురువారాలు సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా నన్ను పిలవకూడదు. ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. అత్తయ్యగారి మాత్ర మూడు యాభైకి వేసేస్తాను. మొదటి వారం అందరూ నవ్వారు. రెండో వారం మావారు తలుపు దాకా వచ్చి, కాగితం గుర్తొచ్చి వెనక్కి వెళ్ళారు. ఇప్పుడు అత్తయ్యగారే గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళకి "అమ్మాయి వింటోంది" అని చెబుతున్నారు. ఆవిడ ఎనభై రెండేళ్ళ మనిషి. ఒకరోజు ఒక ఇయర్‌ఫోన్ తీసుకుని 'మనీ' విన్నారు. ఆ డబ్బుల చప్పుడుకి నవ్వి, కాసేపటికి చేత్తో మంచం పట్టీ మీద వెయ్యడం మొదలెట్టారు. ఏడూ సరిగ్గా పడ్డాయి.

మొదలెట్టాలనుకునే వాళ్ళు 'ఎకోస్'తో మొదలెట్టకండి, మధ్యలో మూడు నాలుగు నిమిషాలు గాలి, కాకులు, అరుపుల్లాంటి చప్పుళ్ళుంటాయి, ఒంటరిగా ఉంటే భయమేస్తుంది. ముందు 'డ్రీమ్' వినండి, మన మాండొలినే కాబట్టి కొత్త ఉండదు. తర్వాత రెనైసాన్స్. ఆ తర్వాత యెస్ వాళ్ళ 'క్లోజ్ టు ది ఎడ్జ్', 1972. పద్దెనిమిది నిమిషాల పైన. హెర్మన్ హెస్సే 'సిద్ధార్థ' నవల చదివి కట్టింది. చివరికి పడవ నడుపుకుంటూ ఏటి మాట వినడం నేర్చుకుంటాడే, ఆ సిద్ధార్థుడు. నీళ్ళ చప్పుడు, పిట్టల కూతలతో మొదలవుతుంది. తెల్లారగట్ల కోటిలింగాల రేవులో మెట్ల మీద కూర్చున్నట్టుంటుంది. ఒక నిమిషం కాగానే ఉన్నట్టుండి అందరూ కలిసి మీద పడిపోతారు, ఎవరేం వాయిస్తున్నారో తెలీదు, పుష్కరాల రద్దీలో పిల్లాడి చెయ్యి జారినట్టు కంగాళీగా ఉంటుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకండి, మూడో నిమిషం దగ్గర అసలు బాణీ వస్తుంది.